సొరచేపల కన్నా ముందు ఆ ఫారం సంగతి చూద్దాం

హైదరాబాద్ నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. క్లుప్తంగా ఆమె రాసింది ఇది.

ఆమెకు 38 ఏళ్లు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. తొమ్మిదేళ్ల పాప. మూడేళ్ల కిందట భర్తతో కలిసి అండమాన్‌లోని హేవ్‌లాక్‌కి వెళ్లినప్పుడు ఇద్దరూ స్కూబా డైవింగ్, అంటే సిలిండర్ గాలి పీలుస్తూ నీళ్ల అడుగుకి దిగే కోర్సులో చేరారు. మూడో డైవ్‌లో ఆయనకి కంగారు పుట్టి, నోట్లోని రెగ్యులేటర్, అంటే సిలిండర్ గాలి అందించే పరికరం, పీకేసుకుని పైకి వచ్చేశారు. దెబ్బేమీ తగల్లేదు. కానీ ఆ తర్వాత ఆయన మళ్లీ నీళ్లలో దిగలేదు, ఇంట్లో ఆ ప్రస్తావనా రాలేదు. ఈమె మాత్రం కోర్సు పూర్తి చేసి, ఆ తర్వాత అండమాన్‌లోనూ మురుడేశ్వర్ దగ్గరి నేత్రాణిలోనూ కలిపి 22 డైవ్‌లు చేశారు. "వారమంతా మీటింగుల్లో మాట్లాడి మాట్లాడి, నీళ్లలో ఆ నలభై నిమిషాలు ఎవరితోనూ మాట్లాడక్కర్లేకపోవడం నాకు ఎంత హాయో చెప్పలేను" అని రాశారు.

ఇప్పుడు ఆఫీసు స్నేహితులు నలుగురు ఫిబ్రవరిలో మాల్దీవులకి వెళ్తున్నారు. మామూలు మాల్దీవులు కాదు, దక్షిణాన ఉన్న ఫువాముల దీవి. అక్కడ పులిసొరలని, అంటే టైగర్ షార్క్‌లని దగ్గర నుంచి చూడొచ్చు. ఈమె 60 వేలు అడ్వాన్స్ కట్టేశారు. అక్కడి డైవ్ సెంటర్ వాళ్లు అడ్వాన్స్‌డ్ సర్టిఫికెట్, కనీసం 50 డైవ్‌ల అనుభవం ఉండాలన్నారు. సర్టిఫికెట్ ఉంది, అనుభవం లేదు. చేసిన డైవ్‌లు రాసుకునే పుస్తకాన్ని లాగ్‌బుక్ అంటారు. "లాగ్‌బుక్‌లో మిగతావి రాసేయ్, ఎవరు చూడొచ్చారు, అందరూ అలాగే రాస్తారు" అన్నాడు ట్రిప్ చూసుకుంటున్న స్నేహితుడు.

ఇంకోటి. ఆమెకి చిన్నప్పుడు ఉబ్బసం. ఇంటర్ వరకు ఇన్‌హేలర్ వాడారు. ఈ రెండేళ్లలో చలికాలంలో రెండుమూడుసార్లు మళ్లీ వాడాల్సి వచ్చింది. మూడేళ్ల కిందట కోర్సు ఫారంలో ఉబ్బసం అన్నచోట "లేదు" అని టిక్కు పెట్టారు. ఈసారీ అలాగే పెట్టాలనుకుంటున్నారు.

ఇంట్లో గొడవ. "పాపకి తల్లి కావాలా వద్దా?" అంటున్నారు భర్త. అత్తగారిది ఉప్పాడ. ఆవిడ "గంగమ్మతో పంతాలొద్దమ్మా" అని ఒక్క మాటతో సరిపెట్టారట. ఇంక చెప్పి లాభం లేదని, కొలంబోలో ఆఫీసు ట్రైనింగ్ ఉందని చెప్పి వెళ్లిపోదామా అని ఈమె ఆలోచన. "సొరచేపలు నిజంగా అంత ప్రమాదమా? నా కోరిక నేను తీర్చుకోవడం తప్పా? ఇంట్లో ఎలా ఒప్పించాలి?" ఇవీ ఆమె ప్రశ్నలు. చివర్లో చిన్న అక్షరాలతో ఇంకోటి కూడా అడిగారు. దానికి చివర్లోనే చెప్తాను.

*

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి మీ పక్షాన చదివాను, ఎందుకంటే నాకూ ఈ పిచ్చి ఉంది. రెండోసారి మీ వారి పక్షాన చదివాను. అప్పుడు కొన్ని సంగతులు వేరేగా కనిపించాయి.

ముందు సొరచేపల సంగతి, ఎందుకంటే మీ ఇంట్లో గొడవంతా వాటి పేరు మీదే నడుస్తోంది. ప్రపంచం మొత్తం మీద, మనిషి కవ్వించకుండా సొరచేప కరిచిన ఘటనలు మామూలుగా ఏడాదికి వందలోపే నమోదవుతాయి. చనిపోయేవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వాళ్లలో కూడా ఎక్కువమంది ఈతగాళ్లూ, అలల మీద సర్ఫింగ్ చేసేవాళ్లూను. మనం చంపే సొరలు మాత్రం ఏటా కోట్లలో ఉంటాయి. బాలింతకి పాలు పడాలని పాలసొర కూర వండిపెట్టే ఊళ్లు మనవి. మీ అత్తగారికి ఈ లెక్క నాకన్నా బాగా తెలుసు. కాబట్టి ఆవిడ గంగమ్మ అన్నప్పుడు సొరచేపల గురించి అనలేదనుకుంటాను. నీళ్ల గురించి అన్నారు. ఆ మాటకి తర్వాత వస్తాను.

అలాగని పులిసొర పిల్లిపిల్లేం కాదు. మూడు నాలుగు మీటర్ల జంతువు, ఏది దొరికితే అది తినే రకం. ఫువాములలో అవి గుమిగూడడానికి కారణం ఉంది. అక్కడి జాలర్లు ఏళ్లపాటు చేపలు శుభ్రం చేసి తలలూ పేగులూ హార్బర్ నోటి దగ్గర నీళ్లలో పడేసేవాళ్లు. సొరలు ఆ చోటుకి అలవాటు పడ్డాయి. 2010లో మాల్దీవుల ప్రభుత్వం సొరచేపల వేటని దేశమంతటా నిషేధించింది. ఇప్పుడు డైవ్ సెంటర్ల వాళ్లే చేపల ముక్కలు తెచ్చి రాళ్ల కింద దూర్చి పెడితే అవి వస్తాయి. అక్కడ ఇప్పటిదాకా ఫొటోల్లో ఒంటి గుర్తులని బట్టి విడివిడిగా గుర్తుపట్టిన పులిసొరలు 200కు పైనే, ఎక్కువగా ఆడవి. ఇలా ఎర వేసి రప్పించడం సబబా కాదా అన్నది వేరే వాదన. నాకైతే మనసు పూర్తిగా ఒప్పుకోదు. కానీ బతికున్న సొర ఆ దీవికి డబ్బు తెస్తోంది గనక దాన్ని బతకనిస్తున్నారన్నదీ నిజమే.

ఆ డైవ్ లోతు తక్కువ, పది మీటర్లకి అటూ ఇటూ. అందరూ నేలకి దగ్గరగా ఒక వరసలో ఉండాలి. చేతులు దగ్గరికి పెట్టుకోవాలి. సొర ఎటు తిరిగితే అటు తిరిగి దాని కళ్లలోకి చూస్తుండాలి, వీపు చూపకూడదు. మెరిసే రంగులు ఒంటి మీద ఉండకూడదు. మరీ దగ్గరికొస్తే గైడు కర్రతోనో చేత్తోనో తల పక్కకి నెడతాడు. ఎవరూ ఒంటరిగా పైకి లేవకూడదు. అక్కడ అన్నిటికన్నా పెద్ద కట్టుబాటు ఇదే. నీటి అడుగున కదలకుండా ఉన్న మనిషి కన్నా, పైన కాళ్లు కొట్టుకుంటున్న మనిషి మీదే సొరకి ఆసక్తి ఎక్కువ.

ఇక్కడే మీ ఉబ్బసం వస్తుంది.

సిలిండర్ గాలి పొడిగా, చల్లగా ఉంటుంది. ఉప్పునీటి తుంపర కాస్త లోపలికి పోతుంది. ఒంటికి శ్రమ ఉంటుంది, పైగా ఎదురుగా నాలుగు మీటర్ల సొర ఉంది గనక గుండె దడ మామూలే. ఉబ్బసం ఉన్నవాళ్లకి పిల్లికూతలు తెప్పించడానికి ఈ నాలుగూ చాలు. నేల మీదైతే ఇన్‌హేలర్ తీస్తారు. అక్కడ ఏం చేస్తారు? ఉంటే ఊపిరి ఆడదు. లేస్తే, అన్నిటికన్నా ముందు చేయొద్దన్న పనే చేసినట్టు.

అంతేకాదు. పది మీటర్ల లోతులో ఒత్తిడి నేల మీదకన్నా రెండింతలు. అక్కడ మీ ఊపిరితిత్తిలో ఒక లీటరు గాలి ఉందంటే, పైకొచ్చేసరికి అది రెండు లీటర్లవుతుంది. మామూలుగా ఊపిరి వదులుతూ వస్తాం గనక ఇబ్బంది లేదు. ఉబ్బసంలో సన్న గొట్టాలు బిగుసుకుని గాలి ఒక మూల చిక్కుకుపోతే ఆ గాలికి దారి ఉండదు. ఉబ్బి ఊపిరితిత్తిని చీలుస్తుంది. గాలి బుడగలు రక్తంలో కలిసి మెదడుకి పోతే పక్షవాతం రావచ్చు, ప్రాణమే పోవచ్చు. "తక్కువ లోతే కదా" అని మీ స్నేహితుడు అని ఉంటాడు. గాలి అన్నిటికన్నా ఎక్కువగా ఉబ్బేది ఆఖరి పది మీటర్లలోనే. మీ ఊపిరితిత్తులకి తక్కువ లోతు అన్న మాట ధైర్యమేమీ ఇవ్వదు.

ఇది చదివి డైవింగ్‌కి దండం పెట్టేయమంటున్నానని అనుకోకండి. ఆ ఫారంలో "ఉంది" అని రాస్తే వెళ్లొద్దని కాదు అర్థం. డాక్టరు చూసి సంతకం పెట్టాలని అర్థం, అంతే. ఉబ్బసం ఉన్నవాళ్లని అసలు దిగనివ్వని రోజులు పోయాయి. అదుపులో ఉన్నవాళ్లకి అనుమతి దొరుకుతోంది. ఊపిరితిత్తుల డాక్టరు స్పైరోమెట్రీ చేస్తారు, అంటే గొట్టంలోకి ఊదించి ఊపిరిని కొలుస్తారు. కాసేపు పరుగెత్తించి మళ్లీ ఊదిస్తారు. చలికీ, శ్రమకీ, ఉద్వేగానికీ ఊపిరి బిగుసుకునే రకం అయితే వద్దంటారు. మీరు చలికాలం అని రాశారు. అది చలి వల్లా, ఆ రోజుల్లో పట్టణంలో పేరుకునే దుమ్మూ పొగా వల్లా? నాకు తెలియదు, మీకూ తెలియదు. మూడేళ్ల నుంచి తెలుసుకోకుండా తప్పించుకుంటున్నారని మాత్రం నాకనిపిస్తోంది. ఎందుకంటే తెలిస్తే మానేయాల్సి వస్తుందేమోనని భయం. నేను మిమ్మల్ని దెప్పడం లేదు. జలుబు సంగతి దాచి నేనూ ఒకసారి దిగాను. చెవి లోపల పొర దెబ్బతిని పది రోజులు ఒక పక్కకే పడుకున్నాను. డబ్బు కట్టేశాం కదా అన్న ఒక్క ఆలోచన మన బుర్రని ఎలా తినేస్తుందో నాకు తెలుసు.

ఇక 22ని 50 చేయడం. అంకె మీద నాకు మోజు లేదు. యాభై చేసినా నీళ్లలో గోలగోల చేసేవాళ్లు ఉన్నారు. కానీ ఆ అంకెని బట్టే గైడు మిమ్మల్ని ఎక్కడ నిలబెట్టాలో, పక్కన ఎవరిని పెట్టాలో తేల్చుకుంటాడు. ఫువాముల ట్రిప్ అంటే పులిసొరల డైవ్ ఒక్కటే కాదు. తెల్లవారుజామున త్రెషర్ షార్క్, హామర్‌హెడ్ అనే వేరే రకాల సొరల కోసం దీవి అంచున నిలువు గోడ వెంట దిగుతారు. మాల్దీవుల్లో చట్టం ఒప్పుకునే 30 మీటర్ల దాకా పోతారు. కింద నేల కనపడదు, చుట్టూ నీలమే. నడిసముద్రంలో ఒంటరిగా ఉన్న దీవి అది, నీటి వాలు గట్టిగా ఉంటుంది. డైవర్లు దాన్నే కరెంట్ అంటారు. దానికి ఎదురీదితే సిలిండర్ గాలి చూస్తుండగానే అయిపోతుంది. కొత్తవాళ్లకైతే మరీ త్వరగా. మీ 22లో అలాంటి చోట చేసినవి ఎన్ని? నాకు చెప్పక్కర్లేదు, మీలో మీరు లెక్కపెట్టుకోండి. డైవింగ్ మరణాల వివరాలు చదివితే సొరచేపలు ఎక్కడో గాని కనపడవు. గుండెపోటు, గాలి అయిపోవడం, కంగారులో గబగబా పైకి రావడం, ఇవే మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. ఇవి మీ ఒక్కరితో ఆగేవి కూడా కావు. మీ బడ్డీ, అంటే నీళ్లలో మీకు జతగా ఉండే డైవర్, మిమ్మల్ని యాభై డైవ్‌లు చేసిన మనిషనుకుని పక్కన ఉంటాడు. తన గాలి ఎంత ఉంచుకోవాలో ఆ నమ్మకంతోనే లెక్క వేసుకుంటాడు. "ఎవరు చూడొచ్చారు" అన్న ఆ స్నేహితుడే మీ బడ్డీ అయితే, ఆయనకి తన మాట అర్థం అక్కడ తెలిసొస్తుంది.

కొలంబో సంగతి మాట్లాడదాం. డైవ్ సెంటర్ ఫారంలో ఇంకో గడి ఉంటుంది. అత్యవసరం వస్తే ఎవరికి ఫోన్ చేయాలి అని. అక్కడ ఎవరి నంబరు రాస్తారు? మీ వారిదే రాస్తారు, ఇంకెవరిది రాస్తారు? మీరు కొలంబోలో క్లాసులో కూర్చున్నారనుకుంటున్న మనిషికి మాల్దీవుల నుంచి ఫోన్ వెళ్తుంది. ఏమీ కాకుండా క్షేమంగా తిరిగొచ్చారే అనుకుందాం. పులిసొరని చూసొచ్చిన మనిషి ఆ ముచ్చట ఎవరికి చెప్పుకోవాలి? పాపకి ఫొటో చూపించలేరు. నలుగురు ఆఫీసు స్నేహితుల్లో ఒకరు ఏదో ఒక రోజు వాట్సాప్ స్టేటస్ పెడతారు. ఈ రహస్యం దాగదు. ఉబ్బసం దాచారని తేలితే ఇన్సూరెన్స్ కంపెనీ డబ్బివ్వననొచ్చు కూడా. నీటి ఒత్తిడి జబ్బుకి చాంబర్ (ఒత్తిడి గది) చికిత్స, విమానంలో తరలింపు అంటే ఖర్చు లక్షల్లో మాట.

ఇక మీ వారు. "పాపకి తల్లి కావాలా" అన్నది న్యాయమైన మాట కాదు. పాపని అడ్డం పెట్టి నోరు మూయించడం అది. రోజూ ఔటర్ రింగ్ రోడ్డు మీద కారులో వెళ్లేటప్పుడు ఆ ప్రశ్న ఆయన అడగరు. ఆయన అనుమతి తీసుకునే మీరు బతకాలని నేను అననుగాక అనను. మీ జీతం, మీ సెలవు, మీ సరదా. అందులో తప్పేమీ లేదు.

కానీ మీ ఉత్తరంలో నాలుగు పేజీలు ఉంటే, హేవ్‌లాక్‌లో ఆయనకి జరిగినదానికి మూడే లైన్లు. నీళ్ల కింద ఊపిరి ఆడదేమోనన్న భయం ఎలాంటిదో మీ ఇంట్లో అనుభవించి తెలుసుకున్న మనిషి ఆయనొక్కరే. మీ అలమరలో ఇన్‌హేలర్ ఉన్న సంగతీ ఆయనకి తెలుసు కదా. సొరచేప అంటున్నది నోరు. లోపల ఆయన చూస్తున్నది వేరే బొమ్మ కావచ్చు: రెగ్యులేటర్ పీకేసుకుంటున్న మనిషి, ఈసారి మీ ముఖంతో. పైగా మగవాడు, పెళ్లాం ముందు భయపడి పైకొచ్చేశాడు, పెళ్లాం మాత్రం కోర్సు పూర్తి చేసింది. మన ఇళ్లల్లో అలాంటి మాట మగాళ్లు నోటితో చెప్పరు. కోపంగా మార్చి చెప్తారు. ఇది నా ఊహే, తప్పు కావచ్చు. ఒప్పించే ప్రయత్నం కాసేపు పక్కన పెట్టి, "ఆ రోజు నీళ్లలో నీకేమైంది?" అని అడిగి చూడండి. పాప పడుకున్నాక, ఫిబ్రవరి ప్రస్తావన తేకుండా. ఆయన చెప్పకపోవచ్చు. చెప్తే మాత్రం మధ్యలో మాట్లాడకండి.

మీ ముందు దార్లు ఏమున్నాయో చూద్దాం. ఫిబ్రవరికి ఇంకా వ్యవధి ఉంది గనక ఈ నెలలోనే డాక్టరుని కలిసి, డైవ్ సెంటర్‌కి మీరే నేరుగా ఉన్నదున్నట్టు రాయొచ్చు. 22 డైవ్‌లు, ఉబ్బసం చరిత్ర, డాక్టరు కాగితం జత చేశాను అని. వాళ్లు కుదరదనొచ్చు. అప్పుడు 60 వేలు పోవచ్చు. మీ బదులు ఇంకొకరిని పంపితే సర్దుతారేమో అడగండి, చాలాచోట్ల ఒప్పుకుంటారు. లేదా ముందు ఒక పరీక్ష డైవ్ చేయించి, లోతువి వదిలేసి హార్బర్ దగ్గరిదే చేయనిస్తామనొచ్చు. నలుగురూ లోతుకి పోతే మీరు పడవ మీద కూర్చోవాల్సి వస్తుంది. అది ఒప్పుకోగలరా? కొందరికి అది అవమానంలా ఉంటుంది.

ఏడాది వాయిదా వేయడం ఇంకో దారి. డాక్టరు సరేనంటే ఈలోపు అండమాన్‌లో రెండు ట్రిప్పులు, నీటి వాలున్న చోట్ల, మంచి గైడుతో. యాభై నిజంగానే అవుతాయి. పులిసొరలు ఫువాములలో ఏడాది పొడుగునా ఉంటాయి, ఎక్కడికీ పోవు. నష్టం ఏమిటంటే ఈ స్నేహితుల గుంపు మళ్లీ కుదరకపోవచ్చు, ఖర్చు పెరుగుతుంది, ఈ ఏడాదిలో మీ ఉత్సాహమే చల్లారవచ్చు. డాక్టరు కాదంటే అసలు ఈ దారే లేదు.

మీరు ఉత్తరంలో రాయని దారి ఒకటుంది. నాకైతే అదంటే ఇష్టం, పక్షపాతం అనుకోండి. పెద్ద జీవాలని చూడ్డానికి సిలిండర్ తప్పనిసరి కాదు. మాల్దీవుల్లోనే దక్షిణ ఆరి అటోల్ (వలయంగా ఉన్న పగడపు దీవుల గుంపు) దగ్గర వేల్ షార్క్‌లు ఏడాదంతా కనిపిస్తాయి. చేపల్లోకెల్లా పెద్దది, తినేది నీటిలో తేలే సన్న జీవాలని. మాస్క్, స్నార్కెల్ (నోట్లో పెట్టుకునే గాలి గొట్టం) పెట్టుకుని పైనుంచే చూస్తారు. 2021 డిసెంబర్‌లో విశాఖ దగ్గర తంతడి తీరానికి ఒకటి కొట్టుకొస్తే జాలర్లూ అటవీశాఖ వాళ్లూ కలిసి మళ్లీ నీళ్లలోకి పంపారు, చదివే ఉంటారు. బా అటోల్‌లో హనిఫారు అనే చిన్న అఖాతం ఉంది. జూన్ నుంచి నవంబర్ దాకా అక్కడికి మాంటా రేలు, అంటే పెద్ద టేకు చేపలు, మేతకొస్తాయి, ఒక్కోసారి పదుల సంఖ్యలో. అక్కడ స్కూబాకి అనుమతే లేదు, స్నార్కెల్ మాత్రమే. మన దసరా సెలవులకి సరిగ్గా సరిపోతుంది. పాపా వస్తుంది. మీ వారు దిగుతారా, పడవ మీదే కూర్చుంటారా అన్నది ఆయన ఇష్టానికి వదిలేయండి, బలవంతం చేయకండి. స్నార్కెల్ అయినా ఈతే, డాక్టరుని అడగాల్సిందే. కాకపోతే ఒత్తిడి గాలి పీల్చరు గనక ఊపిరితిత్తి ఉబ్బే భయం ఉండదు. లోటు కూడా చెప్పాలి. అది ఫువాముల కాదు. ఒంటరిగా, మాటల్లేని ఆ నలభై నిమిషాలు కుటుంబంతో వెళ్తే దొరకవు. మీకు కావలసింది సొరచేపా, ఆ నిశ్శబ్దమా అన్నది మీరే తేల్చుకోవాలి. నిశ్శబ్దమే అయితే నేత్రాణి రాత్రి ప్రయాణం దూరంలోనే ఉంది.

ఫారంలోనూ లాగ్‌బుక్‌లోనూ అబద్ధాలు రాసి, కొలంబో చెప్పి వెళ్లిపోవడం కూడా ఒక దారే. చాలామంది వెళ్తారు, ఎక్కువమంది తిరిగొస్తారు కూడా. నేను ఆపలేను. కానీ ఆ దారిలో వెళ్లదలిస్తే ఒక్క పని చేయండి. మీ బడ్డీకైనా నిజం చెప్పండి. విన్నాక కూడా ఆయన మీతో దిగుతానంటారేమో చూడండి.

ఏ దారైనా ఒక లెక్క మర్చిపోకండి. వరసగా డైవ్‌లు చేశాక విమానం ఎక్కడానికి కనీసం 18 గంటలు ఆగాలి. ఫువాముల నుంచి మాలేకి విమానమే గనక ఆఖరి రోజు డైవ్ ఉండకూడదు. ట్రిప్ ప్లాన్‌లో ఆఖరి పొద్దున్న కూడా డైవ్ రాసి ఉంటే, ఆ స్నేహితుడి లెక్కల మీద మీరు ఇంకాస్త అనుమానపడొచ్చు.

అత్తగారితో వాదించకండి. ఉప్పాడలో సముద్రం ఇళ్లకి ఇళ్లనే మింగడం చూసిన మనిషి. చిన్నప్పుడు మీ ఊళ్లో పడవల వాళ్లు ఏ రోజున వేటకి వెళ్లేవాళ్లు కాదు, ఎలా తెలిసేది అని అడగండి. మీ డైవ్ గైడు చెప్పేదానికి ఆవిడ చెప్పేది పెద్ద దూరంగా ఉండదు.

ఇక మీరు చిన్న అక్షరాలతో అడిగింది: నెలసరి రోజుల్లో దిగితే రక్తం వాసనకి సొరచేపలు వస్తాయా అని. రావు. అలా జరుగుతుందనడానికి ఆధారం లేదు, ఏళ్లుగా ఎందరో ఆడవాళ్లు ఆ రోజుల్లోనూ దిగుతూనే ఉన్నారు. కడుపునొప్పి, నీరసం ఉంటే ఆ పూట మానేయండి. పడవ మీద బట్ట మార్చుకునే చోటుందో లేదో మాత్రం ముందే అడిగి పెట్టుకోండి. చాలా పడవల్లో ఉండదు.